జానెడు గాటు

కొప్పిశెట్టి త్రినాథ్ పొట్టల డాక్టరు. జిల్లా పెద్దాసుపత్రిలో పొట్టలు కోసే డాక్టర్లు అంతకుముందూ ఉన్నారు. కాకపోతే వాళ్లు కోస్తే కోసినట్టు ఊరంతటికీ తెలిసేది. త్రినాథ్ కోస్తే ఆ పొట్టకే సరిగ్గా తెలిసేది కాదు. నాలుగైదు చిన్న కన్నాలు పెట్టి, ఒక దాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పనిముట్లు దూర్చి, ఎదురుగా టీవీలో చూసుకుంటూ లోపలి పనంతా చక్కబెట్టి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేసేవాడు.

అతనికి కత్తి పట్టడం నేర్పిన పాతకాలపు ప్రొఫెసరుగారు వేరే రకం. ఆయన రొమ్ము కింద మొదలుపెడితే బొడ్డు దాటిందాకా ఆగేవారు కాదు. పెద్ద డాక్టరుకి పెద్ద గాటే అందం అనేవారు. ఆ గాట్లు మానడానికి నెలలు పట్టేది. రోగి దగ్గినా తుమ్మినా ఇంటిల్లిపాదీ వచ్చి పొట్ట పట్టుకునేవారు. అది చూసి చూసి త్రినాథ్‌కి రోత పుట్టింది. తోటి డాక్టర్లు వీడియో గేములాడుకునేవాడని ఎగతాళి చేస్తున్నా పట్టించుకోకుండా, కన్నాల విద్య పట్టుబట్టి నేర్చుకున్నాడు. మొదట పిత్తాశయంలో రాళ్లు, తర్వాత పేగుల జబ్బులు, ఆ పైన మనిషి బరువు తగ్గేలా కడుపు సంచీని సన్నం చేసే ఆపరేషన్. అలా ఇరవయ్యేళ్లు గడిచాయి. కొన్నాళ్ల తర్వాత రోగి కనిపిస్తే, పొట్ట మీద తను పెట్టిన కన్నాలు తనకే దొరక్కపోతే, ఆ పూట త్రినాథ్ ఇంటికి ఈలేసుకుంటూ వెళ్లేవాడు. కనిపించని దానికి ఇంత సంబరమేమిటని భార్య ఆశ్చర్యపోయేది.

ఇలా ఉండగా వీర్రాజు వచ్చాడు. వీర్రాజు షేర్ ఆటో తోలేవాడు. షేర్ ఆటోలో లాభమంతా డ్రైవరుకి అటూ ఇటూ ఇరుక్కుని కూర్చునే ఇద్దరిలోనే ఉంటుంది. వీర్రాజు కూర్చున్నాక ఆ సీట్లో మనిషి కాదుగదా, మనిషి తాలూకు సంచీ కూడా పట్టేది కాదు. మోకాళ్లు అరిగాయి, షుగరు పట్టుకుంది, బ్రేకు తొక్కాలంటే ముందుగా కాలిని బతిమాలుకోవాల్సి వచ్చేది. త్రినాథ్ అతని కడుపు సంచీ సన్నం చేసి, మూడు రోజులు వార్డులో ఉంచి ఇంటికి పంపించేశాడు. ఏడాది తిరిగేసరికి వీర్రాజు సగమయ్యాడు. ఆటోలో అతని పక్కన ఇద్దరు ప్యాసింజర్లు హాయిగా సర్దుకున్నారు.

అయితే మన వైపు ఆపరేషన్ అంటే దానికో మర్యాద ఉంది. చూడ్డానికొచ్చినవాళ్లు బత్తాయిలు తెస్తారు, మంచం పక్కన కూర్చుని కాసేపు నిట్టూరుస్తారు, ఆ తర్వాత ఏదీ చూడనీ అంటారు. అప్పుడు దుప్పటి తొలగించి కుట్లు చూపించాలి. కుట్లు ఎంత పొడుగుంటే అయ్యో అంత పొడుగ్గా వస్తుంది. వీర్రాజు అత్తగారు అమలాపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చి, దుప్పటి తీయించి, నాలుగు ప్లాస్టరు ముక్కలు చూసి చిన్నబుచ్చుకుంది. రౌండ్సుకొచ్చిన త్రినాథ్‌ని పట్టుకుని, "ఇదేం ఆపరేసనండి బాబూ, చీమ కుట్టినట్టుంది" అని మొహానే అడిగేసింది. అంత గొప్ప ప్రశంస తనకెవరూ ఇవ్వలేదనుకున్నాడు త్రినాథ్.

తర్వాత అదే మాట ప్రభుత్వం అంది. అప్పుడు మాత్రం ప్రశంస అనుకోవడానికి వీల్లేకపోయింది.

పేదవాళ్ల పొట్టలన్నీ జఠర భాగ్య పథకం కిందికి వస్తాయి. ఆపరేషన్‌కి ముందు పథకంవారి అనుమతి కావాలి, అయ్యాక పథకంవారికి గాయం ఫోటో పంపాలి. ఎక్కడో ఎవరో మహానుభావులు కత్తి ముట్టుకోకుండానే ఆపరేషన్ చేసేశామని చూపించి డబ్బు పుచ్చుకున్నారట, అందుకని పెట్టిన రూలు. రూలు పుట్టుకలో దోషమేమీ లేదు, పెంపకంలోనే తేడా వచ్చింది. ఫోటోలు చూడ్డానికి రాజధానిలో గాయ నిర్ధారణ విభాగం అని ఒకటి తెరిచారు. డాక్టర్లని పెడితే డాక్టర్ల వైపే మాట్లాడతారని, రిజిస్ట్రేషన్ల శాఖ నుంచి కొందరినీ, తూనికలు కొలతల శాఖ నుంచి కొందరినీ అరువు తెచ్చుకుని కూర్చోబెట్టారు. వాళ్లు వీర్రాజు ఫోటోని అటు తిప్పారు, ఇటు తిప్పారు, పెద్దది చేసి చూశారు. చివరికి ఏడాది కావస్తుండగా ఆసుపత్రికి తాఖీదు వచ్చింది. సదరు రోగి ఉదరముపై గాయము దృగ్గోచరము కానందున సదరు శస్త్రచికిత్స జరగనట్లుగా భావించడమైనది, సంజాయిషీ అందువరకు సదరు వైద్యుని తదుపరి కేసులన్నియు నిలుపుదల చేయడమైనది అని దాని సారాంశం.

ఆ తదుపరి కేసుల్లో మొదటిది మంగతాయారు.

మంగతాయారు ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నలభై దాటిన మనిషి. పొయ్యి దగ్గర నిలబడే ఒళ్లు పెరిగింది, షుగరు వచ్చింది, ఇప్పుడు పడుకుంటే ఊపిరి ఆగిపోతోంది. నడుం వాలిస్తే గొంతు పూడుకుపోయి ఉలిక్కిపడి లేస్తుంది. అందుకని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. ఒకసారి నిద్రలో గోడ మీంచి పక్కకి జారిపోతే, హాస్టలు పిల్లలు చూసి కేకలు పెట్టి లేపారు. ఎవరూ చూడకుండా జారితే ఏమవుతుందో ఆవిడకీ తెలుసు, త్రినాథ్‌కీ తెలుసు. బరువు తగ్గితే తప్ప వేరే దారి లేదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం వంట దించేసి ఆసుపత్రికి వచ్చి వరండాలో కూర్చునేది. అనుమతి వచ్చిందా బాబూ అని అడిగేది, రాలేదమ్మా అంటే తలూపి వెళ్లిపోయేది. ఆ తలూపడం చూస్తే త్రినాథ్‌కి అన్నం సయించేది కాదు.

సంజాయిషీ చెప్పుకోవడానికి వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. పథకం కమిషనర్ నీలాద్రిరావుగారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. నిండైన విగ్రహం. తెరలో ఆయన తప్ప వెనకాల గోడ కూడా కనపడలేదు. త్రినాథ్ ఎంతో ఓర్పుగా, ఈ ఆపరేషన్ గొప్పతనమంతా గాయం కనిపించకపోవడంలోనే ఉందని వివరించాడు. అన్యాయం చెయ్యకూడదు, కమిషనర్‌గారు పూర్తిగా విన్నారు. విని, గాయం కనిపించకపోవడమే గొప్పతనమైతే, అసలు ఆపరేషనే చెయ్యని డాక్టరు మీకంటే గొప్పవాడవుతాడు కదా అన్నారు. పక్కనున్న అధికారులు ఆ మాట రాసుకున్నారు.

త్రినాథ్ ఆపరేషన్ వీడియో వేసి చూపించాడు. లోపల కడుపు సంచీ, దాన్ని మడిచి పట్టుకోవడం, కత్తిరించడం, కుట్టడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కమిషనర్‌గారు ఆసక్తిగా చూశారు.

"అంతా బాగానే ఉంది డాక్టరుగారూ, ఇందులో రోగి ముఖం ఎక్కడ?" అన్నారు.

పొట్ట లోపల ముఖం ఉండదని త్రినాథ్ మనవి చేశాడు. అయితే ఈ పొట్ట ఫలానా వ్యక్తిదేనని ఎట్లా రుజువు చేస్తారని తూనికలు కొలతల ఆయన అడిగారు. కోసి తీసిన ముక్క సీసాలో భద్రంగా ఉందని త్రినాథ్ అంటే, దాని మీద సంతకముందా అన్నారు రిజిస్ట్రేషన్ల ఆయన. ఆపరేషన్‌లో పక్కనున్న మత్తు డాక్టరునీ, నర్సునీ సాక్షులుగా పిలిస్తే, నేరం రుజువైతే వాళ్లూ ముద్దాయిలే కాబట్టి వాళ్ల సాక్ష్యం చెల్లదన్నారు. చివరికి వీర్రాజునే తెర ముందు కూర్చోబెట్టారు. "నన్ను కోశారండి, ఆయ్, నా పొట్టే కదండీ, నాకు తెలీదా" అన్నాడు వీర్రాజు. కోస్తున్నప్పుడు నువ్వు మెలకువగా ఉన్నావా అని అడిగారు. మత్తిచ్చారు కదండీ అన్నాడు. మత్తులో ఉన్న వ్యక్తి వాంగ్మూలం చెల్లదని రాసుకుని తెర ఆపేశారు.

పది రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకపై పథకం కింద జరిగే ఏ ఉదర శస్త్రచికిత్సకైనా గాయము జానెడుకు తగ్గరాదు. జాన అంటే ఎవరి జాన అని కొన్ని జిల్లాలు అడిగాయట. మంచి ప్రశ్నే. దాని మీద ఉపసంఘం వేశారు. కమిషనర్‌గారి జానే ప్రామాణికమని ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన అరచెయ్యి బారజాపించి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలిచి, ఆ కొలతకి టేకు చెక్కతో చేతులు చెక్కించి, వార్నిష్ వేసి, ఆసుపత్రికొకటి చొప్పున పంపారు. రశీదు తీసుకుని మరీ ఇచ్చారు. ఆ చెక్క చెయ్యి ఆపరేషన్ థియేటర్‌లో గోడకి వేలాడదీశారు. ప్రతి ఆపరేషన్ తర్వాతా గాటు పక్కన అది పెట్టి ఫోటో తియ్యాలి.

రాష్ట్రంలో మిగతా సర్జన్లు దీనికి చప్పున అలవాటు పడిపోయారు. కొందరు పాత పద్ధతికి తిరిగిపోయారు. పక్క జిల్లాలో ఒకాయన జానెడుకి జానెడున్నర కోసి, ఉత్తమ గాయ పురస్కారం అందుకున్నాడు. మరికొందరు తెలివైనవాళ్లు లోపలి పని కన్నాల్లోంచి చక్కగా ముగించి, ఆ తర్వాత పైన ఒక ఉత్తుత్తి గాటు జానెడు పెట్టి కుట్టేసేవారు. దానికి సాక్ష్యపు గాటు అని పేరు. వచ్చినవాళ్లకి చూపించుకోవడానికి బాగుందని రోగుల చుట్టాలు కూడా సంతోషించారు.

ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇందుమతిగారు మంచి మనిషే, కాకపోతే రిటైర్మెంటు దగ్గర పడ్డ మంచి మనిషి. ఆవిడ త్రినాథ్‌ని గదిలోకి పిలిచి కాఫీ ఇప్పించి, మీరూ ఆ సాక్ష్యపు గాటేదో పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అన్నారు. తోలు మీద ఒక గీత, అంతే కదా అన్నారు.

అంతే కాదని త్రినాథ్‌కి తెలుసు. మంగతాయారు పొట్ట మీద కొవ్వు బెత్తెడు మందం ఉంది, ఒంట్లో షుగరుంది. అలాంటి చోట జానెడు కోస్తే ఆ గాటు మానదు. చీము పడుతుంది, కుట్లు విడిపోతాయి, మంచాన పడ్డ ఆ ఒంటికి ఇంకెన్ని వచ్చి పడతాయో చెప్పలేం. బరువు తగ్గించి బతికించడానికి చేసే ఆపరేషన్‌లో, ఫోటో కోసం పెట్టిన గాటుకి మనిషి పోతుంది. ఈ మాటే సూపరింటెండెంట్‌గారికి చెప్పాడు. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, నేను మాత్రం ఏం చెయ్యను త్రినాథ్‌గారూ అన్నారు.

వరండాలో మంగతాయారుకి ఎవరు చెప్పారో గానీ సంగతి చేరిపోయింది. మర్నాడు త్రినాథ్‌ని చూడగానే లేచి నిలబడడానికి ప్రయత్నించింది, కుదరక కూర్చునే మాట్లాడింది.

"గాటు పెట్టేయండి బాబూ. జానెడు కాకపోతే మూరెడు పెట్టండి. పడుకుని నిద్రపోయి రెండేళ్లయిందండి."

రోగి ఒప్పుకుంది, ఆసుపత్రి ఒప్పుకుంది, ప్రభుత్వం అడుగుతోంది, ఒక్క తను ఊ అంటే చాలు. తను ఊ అంటే ఈ మనిషి ఏమవుతుందో తెలిసినవాడు మాత్రం తనొక్కడే. అలా పెట్టనమ్మా, నీకు పెట్టను అన్నాడు. ఆవిడకి అది ధైర్యం చెప్పడమో, పొమ్మనడమో అర్థం కాలేదు.

ఇక లాభం లేదని వీర్రాజుని వెంటబెట్టుకుని, అతని ఆటోలోనే స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ రైలెక్కి రాజధానికి వెళ్లాడు. సాక్షాత్తూ మనిషిని ఎదురుగా నిలబెడితే నమ్మక ఛస్తారా అని అతని ఆశ. అమాయకుడు. ఎన్ని పొట్టల్లోకి తొంగిచూసినా ఆఫీసు కడుపులో ఏముంటుందో తెలియదు పాపం.

సమీక్షా సమావేశంలో వీర్రాజుని బల్ల మీద పడుకోబెట్టి చొక్కా పైకెత్తారు. తూనికలు కొలతల ఆయన భూతద్దం తీశారు. రిజిస్ట్రేషన్ల ఆయన వేలితో తడిమారు. ఏమీ దొరకలేదు. అప్పటికి ఏడాది దాటింది మరి, త్రినాథ్ చేతి పనితనమంతా అక్కడే ఉంది. గాయము లేదు కాబట్టి శస్త్రచికిత్స జరగలేదు అని కమిషనర్‌గారు చెప్పి రాయించబోతుండగా, ఒక చిన్న అధికారి గొంతు సవరించుకుని, అయితే సార్, ఇతను సగానికి సగం తగ్గాడు కదా, అది ఎలా తగ్గాడంటారు అని అడిగాడు.

వీర్రాజు పాత ఫోటో తెప్పించారు, ఎదురుగా ఉన్న వీర్రాజుని చూశారు. తూకం వేశారు. తగ్గిన మాట నిజం. ఆపరేషన్ జరగని మాట అంతకంటే నిజం, అది ఉత్తర్వుల్లోనే ఉంది. మరి ఆసుపత్రిలో ఇతనికి ఏం చేశారు? కేసు షీటు తిరగేశారు. ఆపరేషన్ అని రాసిన పేజీ చెల్లదు కాబట్టి పక్కన పెట్టేశారు. మిగిలిందేమిటయ్యా అంటే, సదరు వ్యక్తి మూడు రోజులు ఫలానా వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకున్నాడు.

నీలాద్రిరావుగారు కుర్చీలోంచి లేచారు. ఆ లేవడమే పెద్ద కార్యక్రమం, అందరూ ఆయనతో పాటు లేచారు.

"డాక్టరుగారూ, తమరేం సాధించారో తమకే తెలియడం లేదు. శస్త్రచికిత్స లేకుండా, కేవలం శయనించడం ద్వారా దేహభారమును తగ్గించు విధానమును తమరు కనుగొన్నారు."

త్రినాథ్ నోరు తెరిచాడు. కక్కలేక మింగలేక అలాగే ఉండిపోయాడు. కాదు, నేను కోశాను అంటే తప్పుడు కేసు పెట్టినవాడవుతాడు. అవును అంటే వాళ్లు చెప్పే పిచ్చికి ముద్ర వేసినవాడవుతాడు. అతని మౌనాన్ని వినయమని రాసుకున్నారు.

ఆ తర్వాత జరిగినవన్నీ చకచకా జరిగిపోయాయి. ప్రభుత్వంలో మంచి పనికి పట్టే ఆలస్యం ఇలాంటివాటికి పట్టదు. వీర్రాజు పడుకున్న మంచాన్ని పరిశోధన కోసం లారీలో, ముందో పోలీసు జీపు వెనకో పోలీసు జీపుతో, రాజధానికి తరలించారు. ఆ మంచం తల ఏ దిక్కుకుందో వాస్తు పండితుడి చేత నిర్ధారణ చేయించారు. శయన చికిత్సా యోజన అని పేరు పెట్టి, జిల్లాకో శయన మందిరం తెరిచారు. స్థూలకాయులు మూడు రోజులు దక్షిణం వైపు తలపెట్టి పడుకుని వెళ్లాలి. త్రినాథ్‌కి శాలువా కప్పి, యోజనకి గౌరవ ఆద్యుడు అని బిరుదిచ్చారు. ఇక ఆపరేషన్లతో పని లేదు కనుక, ఎవరైనా పాత అలవాటు కొద్దీ కోసేస్తే యోజనకి మచ్చ వస్తుంది కనుక, అతని థియేటర్‌కి తాళం వేసి, సీలు వేసి, తాళంచెవి స్వయంగా కమిషనర్‌గారు తీసుకుపోయారు. చెక్క చెయ్యి లోపలే ఉండిపోయింది.

మంగతాయారుకి మాత్రం ఎట్టకేలకు అనుమతి వచ్చింది. మూడు రోజులు పడుకోవడానికి అనుమతి. పడుకుంటే ఊపిరి ఆగిపోయే మనిషికి వైద్యం కింద పడుకోమని రాసిచ్చారు. శయన మందిరంలో ఆవిడని పడుకోబెడితే గురక ఆగిపోయి మొహం నల్లబడింది. త్రినాథ్ పరిగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టించాడు. శయన చికిత్సలో కూర్చోవడం నిషేధమని అక్కడి ఇన్‌చార్జి అభ్యంతరం చెప్తే, త్రినాథ్ జీవితంలో మొదటిసారి ఒక మనిషిని కాలర్ పట్టుకున్నాడు. ఆ తర్వాత థియేటర్ తలుపు ముందు నిలబడి ఆ సీలు వైపు చూస్తూ ఉండిపోయాడు. లోపల తన కెమెరా, తన పనిముట్లు, తన ఇరవయ్యేళ్లు ఉన్నాయి. బయట ఆ మనిషి పోయేలా ఉంది. భయమేసింది అతనికి, నిజంగా భయమేసింది.

అటు రాజధానిలో ఇంకో సంగతి జరిగింది. యోజన ప్రారంభ సభలో ఆరోగ్య మంత్రిగారు ఉపన్యాసం చెప్తూ చెప్తూ కమిషనర్‌గారి వైపు తిరిగి, ముందు మన నీలాద్రిరావుగారే పడుకుని రాష్ట్రానికి ఆదర్శంగా నిలవాలి అనేశారు. జనం చప్పట్లు కొట్టారు. కమిషనర్‌గారు కూడా కొట్టక తప్పలేదు. యోజన పుట్టిన చోటే పడుకుంటానని ప్రకటించి, విలేఖరులతో, పరివారంతో మన ఆసుపత్రికి విచ్చేశారు. దక్షిణానికి తలపెట్టి మూడు రోజులు పడుకున్నారు. మొదటి రోజు ఫోటోలు తీశారు. మూడో రోజు తూకం వేస్తే, పడుకున్నప్పటి కంటే కొంచెం ఎక్కువే తూగారు. పరివారం తెచ్చిపెట్టిన పెసరట్టు ఉప్మాల మహిమ అది. రెండు నెలల్లో వచ్చి మళ్లీ తూకం చూపిస్తారని విలేఖరులకి చెప్పి పంపేశారు.

ఆ మధ్యాహ్నం నీలాద్రిరావుగారు అందర్నీ బయటికి పంపించి, త్రినాథ్‌ని గదిలోకి పిలిచి తలుపు వేయించారు. మాట్లాడేటప్పుడు ఆ గ్రాంథికమంతా ఎటో పోయింది.

"ఆ ఆటోవాడికి నువ్వేదో చేశావయ్యా. అదే నాకూ చెయ్యి. మచ్చ కనబడకూడదు."

రాజధానిలో పెద్ద పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులున్నాయి కదండీ అన్నాడు త్రినాథ్. అక్కడ గేటు దాటేలోగా పేపరువాళ్లకి తెలిసిపోతుందన్నారు ఆయన. పైగా ఈ రాష్ట్రంలో తన విభాగం భూతద్దం పెట్టి వెతికినా గాటు దొరకని డాక్టరు ఒక్కడే ఉన్నాడని, ఆ సంగతి తన సంతకంతోనే రుజువైందని కూడా అన్నారు. త్రినాథ్‌కి ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

థియేటర్‌కి తాళముందని, చెవి తమరి దగ్గరే ఉందని మనవి చేశాడు. కమిషనర్‌గారు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. త్రినాథ్ దాన్ని అందుకుని, ముందు వరండాలో ఉన్న మంగతాయారుకి చేసి, ఆ తర్వాత మీకు చేస్తానన్నాడు. కమిషనర్‌గారికి చర్రున కోపం వచ్చింది. కమిషనర్ స్థాయి అధికారి ఒక వంటమనిషి వెనకాల వరసలో నిలబడడమేమిటి, ప్రోటోకాల్ అనేది ఒకటుంది కదా అన్నారు.

"వరస అదేనండి. కాదంటే మీరు పడుకునే ఉండండి. యోజన మీదే కదా," అన్నాడు త్రినాథ్.

సరే కానీ అన్నారు కమిషనర్‌గారు చివరికి, నాకు మాత్రం టేబుల్ మీద ఉతికిన దుప్పటి వేయించు అని కూడా అన్నారు.

సీలు విప్పారు. మత్తు డాక్టరూ నర్సూ పండక్కి పిలిచినంత సంతోషంగా వచ్చారు. గోడనున్న చెక్క చేతిని నర్సు తీసి, తలుపు కొట్టుకోకుండా కింద అడ్డం పెట్టింది. త్రినాథ్ ముందు మంగతాయారుకి చేశాడు. అన్నాళ్లు కత్తి ముట్టని చెయ్యి లోపలికి వెళ్లగానే దాని దారి అది పట్టుకుంది. ఆ తర్వాత కమిషనర్‌గారికి చేశాడు. ఎక్కువ తక్కువల్లేకుండా ఇద్దరికీ అవే కన్నాలు, అవే కుట్లు. లోపల చూస్తే ఇద్దరి కడుపులూ ఒక్కలాగే ఉన్నాయి. అక్కడ ముఖం కనబడదన్న కమిషనర్‌గారి అభ్యంతరం మాత్రం ముమ్మాటికీ నిజమేనని త్రినాథ్ ఒప్పుకున్నాడు.

రెండు నెలలు గడిచేసరికి మంగతాయారు గోడని వదిలేసింది. హాస్టల్లో పిల్లల మధ్య చాప పరుచుకుని, వెల్లకిలా పడుకుని, తెల్లారిందాకా నిద్రపోయింది. నిద్ర లేచి ఎందుకో తెలీకుండా ఏడ్చింది. నాకు ఆపరేసన్ చేశారు అని అందరికీ చెప్పేది. ఏదీ చూడనీ అనేవారు. చూపిస్తే ఏమీ ఉండేది కాదు. కోతలు కోస్తోంది అని నవ్వుకునేవారు. ఆవిడ కూడా నవ్వేది, నిద్ర పట్టాక ఇక ఆవిడకి ఎవరితోనూ తగువు లేదు.

కమిషనర్‌గారు కూడా బాగా తగ్గారు. బెల్టుకి కొత్త కన్నాలు పెట్టించుకుని, మంచి చొక్కా వేసుకుని, విలేఖరుల ముందు నిలబడ్డారు. ఇది ముమ్మాటికీ శయన చికిత్సా ఫలితమేనని, కావాలంటే చూసుకోండని చొక్కా పైకెత్తి నిర్మలమైన ఉదరాన్ని ప్రదర్శించారు. ఫోటోలు అన్ని పేపర్లలో వచ్చాయి. యోజనకి నిధులు రెట్టింపు చేశారు. త్రినాథ్‌కి ఇంకో శాలువా కప్పారు. అంతకుముందే, ఆపరేషన్ అయిన రోజునే, కమిషనర్‌గారి పి.ఏ. వచ్చి థియేటర్‌కి మళ్లీ తాళం వేసి, మళ్లీ సీలు వేసి, చెవి పట్టుకుపోయాడు. పని అయిపోయింది కదా, ఇంకెందుకు?

వరండాలో మాత్రం జనం తగ్గలేదు. ఊరంతా నమ్మకపోయినా, మంగతాయారు మాట నమ్మినవాళ్లు కొందరున్నారు. వాళ్లే రోజూ వచ్చి కూర్చుంటున్నారు. పీచు మిల్లులో పనిచేసే నూకరత్నం అని ఒకావిడ, రెండు మోకాళ్లకీ గుడ్డలు చుట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. మంగతాయారుకి చేసింది నాకూ చెయ్యమంది. త్రినాథ్ ఆవిడని తీసుకెళ్లి తాళం చూపించాడు. చెవి రాజధానిలో ఉందమ్మా, మొన్న ఆ కమిషనర్‌గారికి అవసరం పడింది కాబట్టి తీశారు అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

నూకరత్నం తాళాన్ని పట్టుకుని లాగి చూసింది. ఆవిడ మాటలో ఎకసక్కెం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"అయితే బాబూ, మళ్లీ తియ్యాలంటే ఇంకో పెద్దాయనకి పొట్ట రావాలాండి?"

త్రినాథ్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ వైపూ, ఆవిడ వెనక వరండాలో కూర్చున్నవాళ్ల వైపూ చూశాడు. తన గదిలోకి వెళ్లి, ఆరోగ్య శాఖలో సెక్రటరీగారెవరు, జాయింట్ సెక్రటరీగారెవరు, ఆ కింద సంతకాలు పెట్టేవాళ్లెవరు అని కనుక్కున్నాడు. తర్వాత ఆత్రేయపురం ఫోన్ చేసి, అందరి ఇళ్లకీ వారం వారం పూతరేకులు చేరేలా మాట్లాడుకున్నాడు. పెద్ద డబ్బాలే పంపమన్నాడు, నెయ్యి దగ్గర మాత్రం వెనకాడొద్దన్నాడు.